గిలకకు అటూ ఇటూ

ఆయన పోయాక నాకు మెకానిక్స్ వచ్చింది. ఇంతకంటే మర్యాదగా ఈ మాట చెప్పడం నాకు చేతకాదు. నా తోటి లెక్చరర్ ఆయన, వేసవి సెలవుల్లో బాగేపల్లిలో, సొంత ఇంట్లో, నిద్రలోనే పోయారు. కాలేజీ తెరిచిన రోజు ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, టైంటేబుల్ కాగితాన్ని నా వైపు తిప్పి, "ఈ సల మెకానిక్స్ నిమ్దే మేడం" అన్నారు కన్నడంలో. ఈసారి మెకానిక్స్ మీదే, అని. ఏళ్ళ తరబడి అడిగి లేదనిపించుకున్న పాఠాలు అవి. కాగితం పట్టుకుని బయటికి వస్తుంటే నాకు దుఃఖమూ సంతోషమూ రెండూ కలిగాయి. కానీ ముందు వచ్చింది సంతోషమే.

మాది చింతామణిలో ఒక ప్రైవేటు పీయూ కాలేజీ, ఇంటర్ కాలేజీ లాంటిది. ఫిజిక్స్‌కు ఇద్దరం. పాఠాలు ఇద్దరూ పంచుకోవాలి. నేను చేరిన కొత్తలో బలాలు, చలనం, ఘర్షణ, దారాలు, గిలకలు, వాలుబల్లలు అన్నీ నావే. తర్వాత ఆయన వచ్చారు. వయసులో నాకంటే పెద్ద, మా కాలేజీలో నాకంటే చిన్న. అందరూ బాగేపల్లి సారు అనేవారు. ఏడాది తిరిగేసరికి మెకానిక్స్ ఆయన చేతికి పోయింది. నాకు వేడి, వెలుతురు, కరెంటు మిగిలాయి. "అవీ ఫిజిక్సే కదా" అని మా ఆయన ఓదార్చేవాడు. పెళ్ళిలో ఆఖరి బంతికి వడ్డించే మజ్జిగన్నం కూడా భోజనమే మరి.

పిల్లలు పదో తరగతి దాటి వచ్చి మొదట బెదిరేది మెకానిక్స్‌కే. ఆ బెదురు తీసిన మనిషిని జన్మంతా మరిచిపోరు. కటకాల సూత్రం చెప్పినవాళ్ళను ఎవరు తలుచుకుంటారు? ఇంజనీరింగ్ చదువుకునే పాత పిల్లలు పండగ సెలవులకు వచ్చినప్పుడు మిఠాయి పొట్లంతో స్టాఫ్‌రూం గుమ్మంలో నిలబడి, నన్ను చూసి నవ్వి, "సార్ ఉండారా మేడమ్?" అని అడిగేవాళ్ళు. ప్రతిసారీ ఇదే. నేను ఆయన ఇంటి కాపలాదారునైనట్టు. "కూర్చోండప్పా, వస్తారు" అనేదాన్ని. మిఠాయి నాకూ ఒకటి పెట్టేవాళ్ళు, దారిలో ఉన్నాను కాబట్టి.

ఆయనకు ఏ వస్తువునూ చదునుగా ఉంచడం తెలీదు. స్టాఫ్‌రూంలో ఎవరితో ఏం మాట్లాడుతున్నా చేతిలో హాజరు పుస్తకం, దాని మీద ఒక సుద్దముక్క. పుస్తకం ఒక అంచును మెల్లగా ఎత్తుతూ ఉండేవారు. మాట మనతో, చూపు సుద్దముక్క మీద. అది జారిన క్షణంలో "పోయింది" అని చిన్నగా అనుకుని, మళ్ళీ మొదలు. ఒకసారి ప్రిన్సిపాల్ సెలవుల విషయం కోప్పడుతుంటే కూడా "పోయింది" అన్నారు. ఏం పోయిందని ప్రిన్సిపాల్ కంగారుపడ్డారు. హోటల్లో కాఫీ వచ్చిందంటే ట్రేను వంచి చూడకుండా గ్లాసు తీసుకునేవారు కాదు. బస్సులో సీటు దొరక్కపోతే కమ్మీ పట్టుకోకుండా నిలబడేవారు. డ్రైవరు బ్రేకు వేసే ముందే ఎటు వాలాలో కాళ్ళకు తెలిసినట్టు వాలేవారు. చొక్కా జేబులో ఎప్పుడూ వేయించిన శనక్కాయలు. బాగేపల్లి మనిషి కదా. పొట్టు అంతా మా ఉమ్మడి బల్ల మీద, ముఖ్యంగా నా వైపు.

ఆయన క్లాసుకూ నా క్లాసుకూ మధ్య ఒక పలచని చెక్క అడ్డం. నేను బోర్డు మీద కటకం గీస్తూ ఉంటే అవతలి నుంచి ఆయన గొంతు.

"నువ్వు ఇప్పుడు మనిషివి కాదప్పా. బల్లమింద పెట్టిన దిమ్మవి. చెప్పు, నిన్ను ఎవురు ముట్టుకోనుండారు?"

"బల్ల సార్."

"ఇంకా?"

"దారం సార్."

"ఇంకా?"

"గిలక సార్."

"గిలక యాడుండాది, నువ్వు యాడుండావు? అది నిన్ను ముట్టుకునిందా? ముట్టుకోనోళ్ళు నిన్ను ఏమీ చేయలేరప్పా. ఒక్క భూమి తప్ప."

అవతల నవ్వులు. ఇవతల నా పిల్లలు కూడా కటకాన్ని వదిలి చెక్క వైపు చెవులు పెట్టేవాళ్ళు. ఆయన ఎప్పుడూ సమీకరణంతో మొదలుపెట్టరు. పిల్లను నిలబెట్టి దిమ్మను చేస్తారు, ఇద్దరి చేతికి తాడు ఇస్తారు. ఒకడు లాగుతుండగా రెండోవాడిని వదిలెయ్యమంటారు. లాగేవాడు వెనక్కి తూలి పడబోతే, "చూసినారా, బిగువు ఒక్కరి వల్ల వచ్చేది కాదు. అవతల కొస పట్టుకునేటోళ్ళు ఉండాల" అంటారు. ఆ తర్వాతే సుద్ద ముట్టుకుంటారు. ఒక లెక్కకు గంట. నేనైతే ఆ గంటలో ఆరు లెక్కలు చేయిస్తాను. పరీక్షలో నా పిల్లలకు మార్కులు తక్కువ రాలేదు. ఆ సంగతి ప్రిన్సిపాల్‌కు ఒకటికి రెండుసార్లు చూపించాను కూడా. ఆయన తల ఊపి, "ఆద్రె మక్కళు కేళ్తారె" అన్నారు. పిల్లలు ఆయన్నే అడుగుతున్నారు, అని. అంతటితో నా మార్కుల మాట ముగిసింది.

చిక్కబళ్ళాపురంలో జిల్లా లెక్చరర్లందరికీ ఒక శిక్షణ పెట్టారు. మా కాలేజీ నుంచి ఇద్దరమూ వెళ్ళాం. శిక్షణ ఇచ్చే పెద్దాయన బోర్డు మీద లెక్క వేశారు. బల్ల మీద ఆరు కిలోల దిమ్మ. దానికి కట్టిన దారం బల్ల అంచున గిలక మీదుగా కిందికి వచ్చి రెండు కిలోల గుండును మోస్తోంది. ఘర్షణ గుణకం సగం. దారంలో బిగువు ఎంత? బాగేపల్లి సారు జేబులోంచి పెన్ను తీసేలోగా నేను లేచాను. నిజం చెప్పాలంటే నేను లెక్కను చూడలేదు, ఆయన పెన్నును చూశాను. చకచకా బోర్డు దగ్గరికి పోయి, సూత్రంలో అంకెలు వేసి, త్వరణం కట్టాను. మైనస్ వచ్చింది. మైనస్ రావడం నాకూ కనబడింది. కానీ అంతమంది ముందు చెయ్యి ఆపడం ఎట్లా? "మైనస్ అంటే వేగం తగ్గుతోందని" అనేశాను.

వెనక బెంచీ నుంచి ఆయన, చాలా మెల్లగా, "మొదలు వేగమే లేదు కదమ్మా, తగ్గేదానికి" అన్నారు. "ఎవురూ ముట్టుకోకుండా ఆ గుండు తనంతట తానే పైకెక్కుతాండాదా?"

హాలంతా నవ్వింది. చింతామణి, గౌరిబిదనూరు, గుడిబండ, జిల్లాలో ఫిజిక్స్ చెప్పే ప్రతి నోరూ నవ్వింది. ఆయన నవ్వలేదు. బోర్డు దగ్గరికీ రాలేదు. కూర్చున్నచోటి నుంచే, "ఘర్షణ అడిగినంతే ఇస్తాదమ్మా. మూడు కిలోల తాకతు ఉండాది దానికి. కానీ గుండు రెండే అడగతాండాది, రెండే ఇస్తాది. దిమ్మ కదలదు" అన్నారు. నేను చెరిపి, ఇరవై న్యూటన్లు అని రాసి వచ్చి కూర్చున్నాను. తిరుగు బస్సులో ఆయన శనక్కాయలు చాపారు. వద్దన్నాను. చింతామణి వచ్చేదాకా ఆయన ఒక్కరే తిన్నారు. నాకు ఆకలి దంచేస్తోంది, అది వేరే సంగతి.

ఆయన స్వభావం కూడా అదే, అడిగినంతే ఇచ్చేది. నేను దెప్పితే అంతే బరువుతో ఒక మాట తిరిగి వచ్చేది, రవ్వంత కూడా ఎక్కువ కాదు. మంచి మాట చెబితే మంచి మాట. ఊరుకుంటే ఊరుకునేవారు. ఆయన హద్దు ఎక్కడుందో చూద్దామని నేను ఎంత తోసినా ఆయన జారలేదు. అట్లాంటి మనిషితో పోట్లాట ఎంత కష్టమో పోట్లాడినవాళ్ళకే తెలుస్తుంది. స్టాఫ్‌రూంలో నలుగురూ ఆయన్ను మంచివాడనేవాళ్ళు. నేను అనేదాన్ని కాదు. కుళ్ళుకునేదాన్ని. ఆ మాటకు వేరే పేరు పెట్టడం నాకిష్టం లేదు.

కానీ ఇవన్నీ పైపై సంగతులు. నా కడుపు నిజంగా మండించింది దారం విషయం.

నా పుట్టిల్లు శిడ్లఘట్ట. రేష్మె, అంటే పట్టుదారం, తీసే ఇల్లు. మరిగే నీళ్ళ తొట్లో పట్టుగూళ్ళు తేలుతుంటాయి. ఒక్కో గూటి నుంచి కంటికి ఆనని పోగు లేస్తుంది. కొన్ని పోగులు కలిసి ఒక దారమై, చిన్న చిన్న చక్రాల మీదుగా పైకి పోయి, పెద్ద చట్రానికి చుట్టుకుంటుంది. ఉడికిన గూళ్ళ వాసన బట్టలకు, జుట్టుకు, పుస్తకాలకు పడుతుంది. పీయూసీ చదివే రోజుల్లో ఆ వాసన పోగొట్టుకోవడానికి నేను పడిన పాట్లు ఇన్నీ అన్నీ కావు. చదువుకుని, ఉద్యోగం తెచ్చుకుని, చింతామణిలో కాపురం పెట్టాక ఆ ఇంటి ఊసు కాలేజీలో ఎత్తలేదు.

ఒక మధ్యాహ్నం ఇద్దరం టెస్టు పేపర్లు దిద్దుతున్నాం. ఆయన ఒక పేపరు పక్కన ఇంకొకటి పెట్టుకుని చూస్తున్నారు.

"ఏమమ్మా, నేను శానా దినాల నుంచీ చూస్తాండా. గిలక నున్నగా ఉండాదని లెక్కలో రాసే ఉంటాము. అయినా కొందరు పిల్లోళ్ళు అటుపక్క ఒక టెన్షను, ఇటుపక్క ఇంకో టెన్షను రాస్తారు. ఎవురని చూస్తే అందరూ శిడ్లఘట్ట బస్సులో వచ్చేటోళ్ళే. ఏంటికంటారు?"

నేను తల ఎత్తకుండా, "తెగేది పైపక్కే కదా సార్, అందుకు" అన్నాను.

ఆయన పెన్ను కింద పెట్టారు. విసుగ్గానే చెప్పాను. గూటి జిగురు చక్రానికి పడుతుంది. పట్టిన చక్రం సరిగ్గా తిరగదు. అప్పుడు దారం చక్రానికి ముందు వదులుగా ఉండి, దాటాక బిగుసుకుంటుంది. చట్రం లాగుతున్న పక్కనే పుటుక్కున తెగుతుంది. మా అమ్మ నన్ను పిలిచి చక్రానికి అటొక వేలు ఇటొక వేలు ఆనించి చూడమనేది. "రెండుపక్కలా ఒకటే మాదిరి ఉంటే చక్రం బాగుండాదని. పైన బిగుసుకోనుంటే కడుగు" అనేది. మా పిల్లలకు రెండు పక్కలా ఒకే బిగువు అనేది చక్రం కడిగితే వచ్చేది, ఊరికే ఉండేది కాదు. నేను కూడా పీయూసీలో రెండు టెన్షన్లు రాసి, ఎర్ర గీత కొట్టించుకుని నేర్చుకున్నదాన్నే. నున్నని గిలక అని రాశాక నున్ననిదే అనుకోవాలి. ఆ పేపరు ఇప్పుడు నా చేతికిచ్చినా గీతే కొడతాను.

"మీరు ఇది క్లాసులో చెప్పినారా?" అన్నారు ఆయన.

"చెప్పేదానికి నాకు మెకానిక్స్ యాడుండాది సార్?"

చాలా రోజులుగా దాచుకున్న మాట. సరిగ్గా తగిలిందనే అనుకున్నాను. ఆయన నా వైపు చూసి, ఎప్పటి గొంతుతోనే, "ముందు ఉండింది కదమ్మా" అన్నారు.

అడిగినంతే ఇచ్చారు.

ఆ తర్వాతి వారమే చెక్క అవతల నుంచి వినబడింది. చక్రం, జిగురు, అటొక వేలు, ఇటొక వేలు. మా అమ్మ మాట కూడా, అక్షరం పొల్లు పోకుండా, బాగేపల్లి యాసలో. శిడ్లఘట్ట నుంచి వచ్చే ఒక అమ్మాయిని పిలిచి చేసి చూపించమన్నారు. ఆ అమ్మాయి నా పాఠాలకూ ఎప్పుడూ కిటికీ పక్క ఆఖరి బెంచీలో కూర్చునేది. ఎందుకు కూర్చునేదో నాకు తెలుసు, గాలి ఆడేచోటైతే వాసన ఎవరికీ తెలియదు కాబట్టి. "మీ ఇంట్లో అందురూ ఫిజిక్స్ చేస్తాండారు పాపా, నువ్వు ఆడ కూర్చుంటే ఎట్లా? ముందుకి రా" అన్నారు ఆయన. "లెక్కలో నున్న గిలక ఉంటే ఒకే టెన్షను రాయండి. అది కడిగిన గిలక. కడగకుంటే ఏమైతాదో ఈ పాప చెప్తాది." మర్నాటి నుంచి ఆ అమ్మాయి మొదటి బెంచీ. ఆమెతోపాటు శిడ్లఘట్ట బస్సు పిల్లలంతా.

పెరటి చెట్టు మందుకు పనికిరాదంటారు. నా పెరటి చెట్టే అది. పుట్టినప్పటి నుంచి నా వేళ్ళకు తెలిసిందే. దాన్ని ఆయన ఒక్క మధ్యాహ్నంలో తీసుకుపోయి ఊరంతటికీ మందు చేశారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు అని తిట్టుకుందామంటే ఆ వీలు కూడా ఉంచలేదు. "ఇది నాది కాదప్పా. పక్క క్లాసులో ఉండే మేడమ్‌ది" అని గట్టిగా, నాకు వినబడేటట్టు చెప్పారు. ఏటా చెప్పేవారు. ఏటా పిల్లలు ఆ ముక్కను మాత్రం మరిచిపోయేవాళ్ళు. ఆయన దొంగతనం చేసి ఉంటే నేను సుఖంగా నిద్రపోయేదాన్ని.

ఆయన పోయినప్పుడు కాలేజీ నుంచి కొందరం బాగేపల్లి వెళ్ళాం. హైవే నుంచి లోపలికి చిన్న ఇల్లు, ముందు శనక్కాయల మూటలు. ఎన్నో ఊళ్ళ నుంచి వచ్చిన పాత పిల్లలతో వీధి నిండి ఉంది. నేను అక్కడా లెక్కపెట్టుకున్నాను, నేను పోతే వీళ్ళలో ఎందరు వస్తారని. ఆయన భార్య అందరికీ దండం పెడుతూ నా దగ్గరికి వచ్చి ఆగింది.

"మీరు శిడ్లఘట్ట మేడమ్ కదమ్మా?" అంది. "దారం మేడమ్. మీ మాటే చెప్తాండ్రి. ఈమెతో మాట్లాడేటప్పుడు శానా జాగ్రత్తగా ఉండాల, లేకుంటే తెగుతాది అనేవారు."

నాకు ఏడుపు వచ్చింది. అది ఆయన కోసమని ఆమె అనుకుంది, నా చెయ్యి పట్టుకుంది. నాకేమో, నా పేరు ఈ భూమ్మీద బాగేపల్లిలోని ఈ ఒక్క ఇంట్లోనే ఉందా అనిపించింది. ఫిజిక్స్ అక్కర్లేని ఇంట్లో.

అట్లా మెకానిక్స్ మళ్ళీ నా చేతికి వచ్చింది. గిలకల పాఠం రోజున మా తమ్ముడి ఇంటి నుంచి తెప్పించిన పచ్చి రేష్మె పోగులు పర్సులో పెట్టుకుని వెళ్ళాను. బోర్డు మీద దిమ్మ, దారం, గిలక గీశాను. గిలక నున్నగా లేకపోతే ఏమవుతుందని అడిగి, శిడ్లఘట్ట గురించి మొదలుపెట్టాను. తొట్టి, గూళ్ళు, చక్రం, జిగురు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో మొదటిసారి, నా ఇంటి గురించి, నా నోటితో. పిల్లలు కదలకుండా వింటున్నారు. నా గొంతు నాకే బాగుంది.

మధ్య బెంచీలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది. "మేడమ్, ఇది సార్ ఎగ్జాంపుల్ కదా? మా అక్కకు చెప్పినారంట."

సుద్ద నా చేతిలోనే ఉంది. ఆ పిల్ల మొహంలో కొంటెతనం ఏమీ లేదు. తెలిసిన సంగతి చెప్పిన సంతోషం, అంతే. మా అమ్మ వేలు, నా వేలు, మా తొట్టి ఆవిరి, అన్నీ సార్ ఎగ్జాంపుల్. కాదు, నాదే అని పదహారేళ్ళ పిల్లతో వాదించనా? క్లాసంతా నా వైపు చూస్తోంది.

"అవును పాపా, సార్‌దే" అన్నాను. "కానీ సార్‌కు ఇది చేతకాదు. చూడు."

పర్సులోంచి పోగులు తీశాను. కొన్ని పోగులు కలిపి ఒక దారంగా పట్టుకుని, వేళ్ళు తడుపుకుని, కొత్త పోగు కొసను వాటి నడుమ ఆనించి మెలితిప్పాను. నడిచే దారానికి కొత్త గూటి పోగును అందించేది ఇట్లాగే, ముడి వెయ్యరు. ఇన్నేళ్ళ తర్వాత కూడా వేళ్ళు మరిచిపోలేదు. ఆ అమ్మాయినే పిలిచి లాగమన్నాను. మెల్లగా లాగింది. రాలేదు. ఇంకా కొంచెం గట్టిగా లాగింది, అయినా అతుకు ఊడలేదు.

"ముడి యాడుండాది మేడమ్?"

"లేదు. వెతుక్కో."

వెతికింది. పక్కవాళ్ళు వచ్చారు, వెనకవాళ్ళు బెంచీల మీదికెక్కారు. "ముడి లేకుంటే ఏం పట్టుకోనుండాది దాన్ని?" అని నేనడిగితే ఎవరో వెనక నుంచి "ఘర్షణ మేడమ్" అన్నారు. "లాగే కొద్దీ మెలి బిగుసుకుంటాది, పోగుకు పోగు ఒత్తుకుంటాది, పట్టు పెరుగుతాది" అని ఇంకొకరు. నేను చెప్పనే లేదు, వాళ్ళే చెప్పుకున్నారు.

"ఇది మా అక్క చెప్పలేదు మేడమ్" అంది ఆ అమ్మాయి. "సార్ చెప్పినట్టు లేదు."

బెల్లు కొట్టింది. దారం గుప్పిట్లో పట్టుకుని స్టాఫ్‌రూంకు ఇంచుమించు పరుగెత్తాను. దారిలోనే మాట సిద్ధం చేసుకున్నాను. చూసినారా సార్, మీకు తెలీనిది ఒకటి ఉండాది, అది నేను మీకు చెప్పలేదు. దీనికి ఆయన ఎంత తిరిగి ఇస్తారో చూడాలి. తలుపు తోసుకుని, "సార్" అన్నాను కూడా.

ఆయన కుర్చీలో కన్నడ మేడమ్ టిఫిన్ సంచి ఉంది. ఆమె తింటున్నదల్లా ఆగి, "ఏన్ మేడం?" అంది.

"ఏనిల్ల" అన్నాను. ఏమీ లేదు, అని.

నా చోట కూర్చున్నాను. బల్ల శుభ్రంగా ఉంది, నా వైపు కూడా. ఆయన మీద అసూయ ఇంకా తగ్గలేదు, ఆ క్షణంలో మరీ ఎక్కువగా ఉంది. దారాన్ని బల్ల మీద పెట్టి, ఒక కొస పట్టుకుని లాగాను. అవతలి కొసతో సహా దారమంతా ఊరికే నా వైపు వచ్చేసింది.